లోడ్ 5.82 అంటే పెద్ద ప్లాన్ కొనాల్సిందేనా?

ప్రశ్న: నాది వంటల వెబ్‌సైట్ అండి, వర్డ్‌ప్రెస్‌లో నడుస్తుంది. ఇన్నాళ్ళు షేర్డ్ హోస్టింగ్‌లో ఉండేది, ఈ మధ్యే 2 కోర్లు, 2 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (నాకంటూ వేరుగా ఇచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుని ఉబుంటు లైనక్స్ వేసుకున్నా. ఒక వీడియో చూసి సెట్టింగులన్నీ చేసుకున్నా. సాయంత్రం ఏడు దాటిందంటే సైట్ బాగా స్లో అయిపోతుంది, అప్పుడు టాప్ అనే కమాండ్ కొట్టి చూస్తే లోడ్ యావరేజ్ 5.82, 3.10, 1.45 అని ఉంటుంది. సీపీయూ మాత్రం యూఎస్ (ప్రోగ్రాముల వాడకం) 9 శాతం, ఎస్‌వై (సిస్టమ్ వాడకం) 4 శాతం అంతే. సపోర్ట్ వాళ్ళేమో 4 కోర్ల ప్లాన్‌కి మారమంటున్నారు. స్క్రీన్‌షాట్లు, సెట్టింగుల ఫైలు పంపిస్తున్నా, మారిపోనా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మారకండి అండి, కోర్ల కోసమైతే అస్సలు వద్దు. మీ స్క్రీన్‌షాట్‌లో యూఎస్, ఎస్‌వై ఉన్న లైన్‌లోనే ఇంకొంచెం పక్కకి చూడండి, డబ్ల్యూఏ 71 అని ఉంది, అంటే సీపీయూ 71 శాతం టైమ్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉందని. మీ సమస్య మొత్తం అక్కడే ఉంది.

ముందు ఆ మూడు అంకెల సంగతి చెప్తా. చాలామంది అనుకున్నట్టు అవి సీపీయూ శాతాలు కావు, నడుస్తున్న, ఎదురుచూస్తున్న పనుల లెక్క. వరసగా 1 నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాలవి. మీవి కుడి నుంచి ఎడమకి చదివితే 1.45, 3.10, 5.82, అంటే లోడ్ ఇప్పుడిప్పుడే ఎక్కుతోందన్నమాట. అదే తిరగబడి ఎడమది చిన్నగా కుడిది పెద్దగా ఉంటే, గండం గడిచి దిగుతోందని అర్థం, అప్పుడు కంగారుపడి రీస్టార్ట్ చేయక్కర్లేదు. ఇంకోటి, పేరుకి 1 నిమిషం అన్నా అది సాదా సగటు కాదు, పాత లెక్కని కొంచెం కొంచెంగా మర్చిపోతూ వస్తుంది. ఖాళీగా ఉన్న సర్వర్‌లో ఒక్క పని ఆగకుండా తిరిగితే నిమిషం తర్వాత 1 అని కాకుండా దాదాపు 0.63 చూపిస్తుంది. అందుకే పని అయిపోయినా అంకె వెంటనే పడిపోదు.

ఇప్పుడు అసలు విషయం. మీసేవలో రెండు కౌంటర్లు ఉన్నాయనుకోండి. కౌంటర్ దగ్గర పని అవుతున్నవాళ్ళు, లైన్‌లో నిలబడ్డవాళ్ళు, వీళ్ళతో పాటు పక్కన జిరాక్స్ కాపీ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళని కూడా లైనక్స్ లోడ్‌లో కలిపేస్తుంది. ఇక్కడ కౌంటర్ అంటే కోర్, జిరాక్స్ అంటే డిస్క్. మీ కౌంటర్లు దాదాపు ఖాళీ, జనమంతా జిరాక్స్ దగ్గర ఉన్నారు, ఇంకో రెండు కౌంటర్లు తెరిస్తే ఏం లాభం చెప్పండి?

మొదట్లో లైనక్స్‌లో ఇలా లేదు. 1993లో మతియాస్ ఉర్లిక్స్ అనే డెవలపర్ గమనించింది ఏంటంటే, స్పీడ్ స్వాప్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు దాని బదులు వాడే డిస్క్) తీసేసి స్లో డిస్క్ పెడితే మెషిన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది కానీ లోడ్ మాత్రం తగ్గినట్టు కనిపిస్తుంది, అందుకని డిస్క్ కోసం ఆగిన పనుల్ని కూడా లెక్కలో చేరుస్తూ మార్పు పంపాడు, అదే ఇప్పటికీ నడుస్తోంది. నా మటుకు అది మంచి మార్పే, ఎందుకంటే మీ సైట్ చూసేవాళ్ళకి కావాల్సింది పేజీ రావడం, అది సీపీయూ దగ్గర ఆగిందా డిస్క్ దగ్గర ఆగిందా వాళ్ళకి అనవసరం. కానీ సర్వర్ చూసుకునే మీకు మాత్రం ఆ తేడా తెలియాలి.

మరి డిస్క్ దగ్గర ఎందుకు ఆగుతున్నాయి? మీ రెండో స్క్రీన్‌షాట్‌లో స్వాప్ 1.3 జీబీ వాడినట్టుంది, సెట్టింగుల ఫైల్లో పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం మ్యాక్స్ చిల్డ్రన్ 50 అని ఉంది, అంటే పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు ఒకేసారి 50 దాకా లేవొచ్చని. మీ దగ్గర ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60 ఎంబీ దాకా తింటోంది, 50 లేస్తే 3 జీబీ, మీ ర్యామేమో 2 జీబీ. సాయంత్రం జనం వంట మొదలుపెట్టే టైమ్‌కి సైట్‌కి వస్తారు, ప్రాసెస్‌లు లేస్తాయి, ర్యామ్ నిండుతుంది, మిగిలింది డిస్క్ మీద స్వాప్‌లోకి పోతుంది, ఇక ప్రతిదీ డిస్క్ నుంచి వెనక్కి రావాలి. నిర్ధారణ కావాలంటే ఆ టైమ్‌లో విఎంస్టాట్ 1 అనే కమాండ్ కొట్టండి, ఎస్ఐ, ఎస్ఓ (స్వాప్ నుంచి వచ్చేది, స్వాప్‌లోకి పోయేది) కాలమ్స్‌లో సున్నాలు కాకుండా అంకెలు పరిగెడుతుంటే ఇదే. బి కాలమ్‌లో ఉన్నవాళ్ళే నేను చెప్పిన జిరాక్స్ దగ్గరివాళ్ళు.

డేటాబేస్‌కి, సిస్టమ్‌కి కలిపి ఓ 900 ఎంబీ వదిలేయండి, మిగిలిన దాంట్లో 60 చొప్పున 18 దాకా పడతాయి. మీరు మ్యాక్స్ చిల్డ్రన్ 15 పెట్టి ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేయండి. రద్దీలో కొందరు ఒక క్షణం ఆగాల్సి వస్తుంది, అయినా అందరూ స్వాప్‌లో ఇరుక్కోవడం కంటే అది చాలా నయం. దాంతోపాటు పేజ్ క్యాష్ ప్లగిన్ ఒకటి పెట్టండి, సాంబార్ రెసిపీ అందరికీ ఒకటే కదా, ప్రతి ఒక్కరికీ పీహెచ్‌పీ మళ్ళీ వండక్కర్లేదు. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు డబ్బులు ర్యామ్ మీద పెట్టండి.

ప్రశ్న: నాది 4 కోర్ల వీపీఎస్. లోడ్ ఎంత దాటితే అలర్ట్ పెట్టుకోవాలి? కొన్నిసార్లు లోడ్ 2 లోపే ఉన్నా సైట్ లేటుగా తెరుచుకుంటుంది, ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: 15 నిమిషాల అంకె 4 దాటి అక్కడే కూర్చుంటే అలర్ట్ రానివ్వండి, 1 నిమిషం అంకె మీద మాత్రం పెట్టకండి, బ్యాకప్ నడిచినప్పుడల్లా అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. అంతకన్నా పేజీ రావడానికి పట్టే టైమ్ మీద అలర్ట్ పెట్టుకోవడం నాకు ఇష్టం, ఎందుకంటే బయటి పేమెంట్ గేట్‌వే జవాబు కోసమో ఇంకో సర్వర్ కోసమో నెట్‌వర్క్ మీద ఆగిన పనులు లోడ్‌లోకి రావు, మీ రెండో ప్రశ్నకి జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది. టాప్‌లో ఎస్‌టీ కూడా చూడండి, అది ఎప్పుడూ 10 పైనే ఉంటే మీ వంతు సీపీయూని అదే మెషిన్ మీదున్న పక్కవాళ్ళు వాడేస్తున్నారని, అది మీ చేతిలో లేదు, ఆ స్క్రీన్‌షాట్ పెట్టి వేరే మెషిన్ మీదకి మార్చమని హోస్టింగ్ వాళ్ళనే అడగండి.