మానసిక జబ్బు ఉన్న మనిషిని ఇంట్లోనే ఉంచి చూసుకోవాలంటే పైసలు ఎట్లా?

మీ తమ్ముడికి స్కిజోఫ్రినియా అని, ప్రైవేటు డాక్టరుకు నెలనెలా అప్పు తెస్తున్నామని, ఏదైనా హోమ్‌లో వేయడమే నయమా అని అడిగారు. తొందరపడకండి. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అన్నకూ ఇదే జబ్బు, మా దగ్గరే ఉంటాడు.

ముందు నల్గొండ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి ఈ జబ్బు మందులు సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. అక్కడ అయిపోతే జన్ ఔషధి షాపులో తక్కువకు దొరుకుతాయి. మా అన్న గోళీని నాలుక కింద దాచి పెరట్లో ఊసేవాడు. నోరు తెరువు బిడ్డా అని అమ్మ, తెరవనని వాడు, పొద్దున్నే లొల్లి. కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్‌కు డాక్టరు మార్చాక ఆ లొల్లి పోయింది, మళ్లీ అడ్మిట్ చేయాల్సిన పనీ పడలేదు.

మందులకన్నా పెద్ద ఖర్చు ఇంకొకటుంది. అన్నను కనిపెట్టుకొని ఉండాలని అమ్మ పత్తి ఏరడానికి, నాట్లకు పోవడం మానేసింది. ఆ పోయిన కూలి ఏ బిల్లులోనూ కనపడదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం వీళ్లకు సమాజంలో బతికే హక్కు ఇచ్చింది, మంచిదే. కానీ పక్కన కూర్చునే తల్లికి ఎవరిస్తారు? మండలానికో డే కేర్ సెంటర్ పెట్టినా ఆమె పనికి పోగలదు. సర్కారు ముందు ఖర్చు పెట్టాల్సింది దానికే అని నా గట్టి నమ్మకం.

అప్పటిదాకా కాస్త ఆసరా అంటే వికలాంగుల పింఛనే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మానసిక జబ్బు కూడా వైకల్యమే. 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే దరఖాస్తు పెట్టొచ్చు. 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. సర్టిఫికెట్ పరీక్షకు స్లాట్ సంగతి మీసేవలో అడగండి. ఆ పరీక్షలో మనిషి శుభ్రంగా, నిమ్మళంగా కనపడితే డాక్టర్లు బాగానే ఉన్నాడనుకునే ప్రమాదం ఉంది. స్నానం తనంతట తాను చేస్తాడా, నలుగురితో కలుస్తాడా, చెప్పింది అర్థం చేసుకుంటాడా, పని చేయగలడా, జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, ఇవి చూసే శాతం వేస్తారు. పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలన్నీ పట్టుకెళ్లి, రోజూ దగ్గరుండి చూసుకునే మనిషితోనే చెప్పించండి. మీ ఇంట్లో అది మీ అమ్మే అయితే, పల్లెవెలుగులో ఆమెకు టికెట్ ఖర్చు కూడా ఉండదు.

రాత్రిపూట తమ్ముడు మరీ ఆగమైతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.