క్యోటో నుంచి నరిటా: సూట్‌కేసు, ఇకోకా కార్డు సంగతి

టెన్షన్ పడకండి. ఎల్లుండి టోక్యో దగ్గరి నరిటా ఎయిర్‌పోర్టులో ఫ్లైట్, రేపు రాత్రి టోక్యోలో బస, పెద్ద సూట్‌కేసు, ఇకోకా కార్డులో (రైలు టికెట్లకీ, షాపుల్లోనూ వాడే ప్రీపెయిడ్ కార్డు) మిగిలిన డబ్బు. ఇదేగా సమస్య? పెట్టెను ఇవాళే క్యోటో హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చి టక్యూబిన్‌లో, అంటే లగేజీ చేరవేసే కొరియర్‌లో, పంపమనండి. మామూలుగా మర్నాటికి టోక్యో హోటల్‌కి చేరుతుంది. నేరుగా ఎయిర్‌పోర్టుకైతే ఇంకాస్త ముందే ఇవ్వాలి, ఆ ఆశ వదిలేయండి. పాస్‌పోర్టు, మందులు, ఒక జత బట్టలు మీ దగ్గరే ఉండాలి. వెంటే మోసుకెళ్తానంటారా? మూడు కొలతలూ కలిపి 160 సెం.మీ. దాటితే షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో లగేజీ చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి.

ఇకోకా రీఫండ్ టోక్యోలో ఇవ్వరు, క్యోటో స్టేషన్‌లోనే తీసుకోండి. 500 యెన్ల డిపాజిట్ వెనక్కొస్తుంది కానీ బ్యాలెన్స్‌లో 220 యెన్లు కోస్తారు. అందుకే ముందు ఆ బ్యాలెన్స్‌తో కొన్బినిలో (చిన్న సరుకుల షాపు) ఒనిగిరి అనే అన్నం ముద్దలు, టీ కొనేసి ఖాళీ చేయండి. రైల్లో తినడానికీ పనికొస్తాయి!