పాత సినిమా కామిక్స్ కోసం 401(కె) అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. హెచ్‌1బి వీసా మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా భార్యకు ఉద్యోగం లేదు, పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. బ్యాంకులో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. హాలీవుడ్ సినిమాల కథలతో వచ్చిన పాత కామిక్స్ సేకరించడం నాకు ఇష్టం. తెలిసిన పెద్దాయన ఒకరు డెల్, ఫాసెట్ అనే ప్రచురణ సంస్థలు వేసిన 1950ల నాటి సంచికలు, 1977 నాటి స్టార్ వార్స్ మొదటి సంచిక అన్నీ కలిపి 18,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. 401(కె) మీద, అంటే కంపెనీ ద్వారా రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా మీద లోన్ తీసుకుని కొనమంటారా? పిల్లల కాలేజీ ఖర్చులకు పెట్టుబడిగా పనికొస్తాయని నా ఆలోచన.

జవాబు: లోన్ తీసుకోకండి. కామిక్స్ కొనండి, అయితే అన్నీ వద్దు.

401(కె) అప్పు తేలిగ్గా దొరుకుతుంది, కట్టే వడ్డీ కూడా మీ ఖాతాలోకే వస్తుంది. చిక్కల్లా ఉద్యోగం పోయినప్పుడే. మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు సర్దలేకపోతే, ఆ డబ్బు మీరు బయటికి తీసుకున్నట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. మీ వయసుకు దాని మీద ఇంకో 10 శాతం పెనాల్టీ. పైగా మీది హెచ్‌1బి. కొత్త కంపెనీ వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మీది. ఆ 60 రోజుల్లో కామిక్స్ అమ్మి గట్టెక్కడం జరిగే పని కాదు. పుస్తకం ఎంత బాగుందో చూసి మార్కులు వేసే గ్రేడింగ్‌కు పంపాలి, వేలం తేదీ రావాలి, డబ్బు చేతికందాలి. దీనికి నెలలు పడుతుంది.

పెట్టుబడి లెక్క కూడా చూద్దాం. మీరు వేలం సంస్థల వెబ్‌సైట్లలో చూసే ధరల్లో, కొన్నవాడు సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం సాధారణంగా కలిసే ఉంటుంది. అది 20 శాతం అనుకోండి. అక్కడ 6,000 డాలర్లని కనబడితే అసలు పాట 5,000 దగ్గర ఆగిందని అర్థం. అమ్మినవాడి దగ్గర 10 శాతం కమీషన్ పట్టుకుంటే అతనికి ముట్టేది 4,500. అంటే 6,000 పెట్టి కొన్న పుస్తకాన్ని అదే దారిలో అమ్మి అసలు రాబట్టుకోవాలన్నా ధర మూడో వంతు పెరగాలి. ఆపైన వచ్చే లాభం మీద, ఏడాది దాటాక అమ్మినా, ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. షేర్లకున్న తక్కువ రేటు సేకరణ వస్తువులకు వర్తించదు. కాలేజీ డబ్బు 529 ప్లాన్‌లో, అంటే పిల్లల చదువు కోసం పొదుపు చేసే ఖాతాలో పెట్టండి. చదువుకు వాడితే దాని లాభం మీద ఫెడరల్ పన్ను ఉండదు.

ఇంత చెప్పినా ఈ పుస్తకాలంటే నాకూ చాలా ఇష్టం. వీడియో క్యాసెట్ కూడా లేని రోజుల్లో, హాల్లోంచి వెళ్ళిపోయిన సినిమాను ఇంట్లో దాచుకోవడానికి పిల్లలకున్న దారుల్లో ఇదొకటి. పది సెంట్లకు సినిమా మొత్తం చేతికొచ్చేది. 1959 నాటి కౌబాయ్ సినిమా రియో బ్రేవో సంచికకు బొమ్మలు గీసింది అలెక్స్ టోత్. ఆ పేజీల్లో వెలుగునీడలు చూడండి, సినిమాకు ఏమాత్రం తీసిపోవు. అయితే డబ్బు దృష్టితో చూస్తే కౌబాయ్ సంచికలకు గిరాకీ తగ్గుతోంది. వాటిని చిన్నప్పుడు చదివినవాళ్ళు వయసు మీరి, కొనేవాళ్ళకన్నా అమ్మేవాళ్ళే ఎక్కువవుతున్నారు. సైన్స్ ఫిక్షన్‌కు ఆ ఇబ్బంది తక్కువ. ఆ కట్టలో ఫాసెట్ వాళ్ళ 'ద మ్యాన్ ఫ్రమ్ ప్లానెట్ ఎక్స్' ఉంటే ముందు దాన్ని మీకోసం పక్కన పెట్టించండి. ఫాసెట్ సినిమా కామిక్స్‌లో సేకర్తలు ఎక్కువగా వెతికేది అదే. 1953లో ఆ సంస్థ కామిక్స్ వ్యాపారమే మానేసింది.

స్టార్ వార్స్ మొదటి సంచిక దగ్గర మాత్రం తొందరపడకండి. ముప్ఫై సెంట్ల ధరతో వచ్చిన మామూలు ప్రతి లక్షల్లో అచ్చయింది, అరుదేమీ కాదు. పెద్ద ధర పలికేది, కొన్ని ఊళ్ళలో మాత్రం ప్రయోగంగా 35 సెంట్లకు అమ్మిన ప్రతి. దాని మీద ధర చదరపు గడిలో ఉంటుంది, కింద బార్‌కోడ్ గీతలుంటాయి. అదే 35 సెంట్లు డైమండ్ ఆకారంలో కనిపిస్తే అది తర్వాత వేసిన పునర్ముద్రణ. ఫొటో చూసి నమ్మకండి, చేతిలోకి తీసుకుని చూడండి. పిన్నులు తుప్పు పట్టాయా, నడిమి పేజీ ఊడిందా, అంచులకు రంగు పూసి సర్దారా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. సి.జి.సి. అనే సంస్థ గ్రేడింగ్ చేసిన ప్రతైతే లేబుల్ రంగు చూడండి. ఊదా రంగుంటే దానికి మరమ్మతు జరిగిందని అర్థం.

కొన్నవాటిని గ్యారేజీలో పెట్టకండి. టెక్సాస్ ఎండకు న్యూస్‌ప్రింట్ పసుపెక్కి పెళుసుబారుతుంది. యాసిడ్ లేని అట్టతో మైలార్ అనే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, బెడ్‌రూమ్ అల్మారాలో నిలబెట్టండి. ఇంటి బీమా పాలసీ ఇలాంటి వస్తువులకు ఎంత ఇస్తుందో ఏజెంటును అడగండి. విలువైనవాటిని విడిగా రాయించుకోవాల్సి రావచ్చు.

బోనస్ వస్తే దాంట్లోంచి, లేదా నెలనెలా సరదా ఖర్చుల్లోంచి మిగిల్చి 2,000 డాలర్లు పోగేయండి. అంతకన్నా ముందు ఆరు నెలల ఖర్చుల డబ్బు బ్యాంకులో చేరాలి. పెద్దాయనతో ఉన్న సంగతి చెప్పండి: "అన్నీ కొనే స్తోమత లేదండీ, నాకు నచ్చినవి నాలుగైదు విడిగా ఇస్తారా?" ఆయన కుదరదంటే ఈ బేరం వదిలేయండి. డెల్ సంచికల్లో చాలావరకు డాలస్ చుట్టుపక్కల జరిగే కామిక్ షోలలో విడివిడిగా దొరుకుతూనే ఉంటాయి.