అన్నను వదిలి వెళ్లని ఎలిజబెత్

ఫ్రెంచి విప్లవం మొదలయ్యాక దేశం దాటే వీలున్నా, ఫ్రాన్స్ రాజు 16వ లూయీ చెల్లెలు ఎలిజబెత్ ఎందుకు ఆగిపోయింది? అన్న కోసమే.

ఆమె 1764లో వెర్సాయ్‌లో పుట్టింది. మూడేళ్లు నిండకముందే అమ్మానాన్నలిద్దరూ పోయారు. పెళ్లి చేసుకోలేదు. అన్న ఇచ్చిన ఇంట్లో ఆవుల్ని పెంచి, ఆ పాలు పేదపిల్లలకు పంచేది.

1792 జూన్ 20న జనం రాజభవనంలోకి చొరబడి, ఈమే రాణి అనుకుని మీదికొచ్చారు. పక్కవాళ్లు కాదని చెప్పబోతే వద్దని ఆపేసింది. వదిన ప్రాణం దక్కాలని! ఎంత గుండె ధైర్యమో చూడండి.

తర్వాత అన్న కుటుంబంతోపాటు జైలు. 1794 మే 10న తల నరికే యంత్రం గిలటిన్‌కి బలైంది, అప్పటికి 30 ఏళ్లు. రాణి మరీ ఆంత్వానెత్ చివరి ఉత్తరం రాసింది ఈ ఆడపడుచుకే. అది ఆమె చేతికి అందనే లేదు.