షాంపూలో ఉండే పదార్థాల వల్ల జుట్టుకి, మాడుకి నిజంగా ఉపయోగం ఉందా?

ఉంది. కాకపోతే షాంపూ సీసాల మీద గొప్పగా రాసే బయోటిన్ అనే విటమిన్, కెరాటిన్ అనే ప్రొటీన్, ఉల్లిపాయ రసం వల్ల కాదు. సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నవన్నీ వదిలేసి, వెనకవైపు చీమల బారులా ఉండే చిన్న అక్షరాలు చదవండి. అసలు విషయం అక్కడుంటుంది.

నా లెక్కలో షాంపూ మాడు కోసం. బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. దానికి ఏ విటమిన్ పూసినా ఒంటబట్టదు. వెంట్రుక పెరిగేది చర్మం లోపలున్న కుదురులో. కాసేపట్లో నీళ్లతో పాటు తూములోకి పోయే బయోటిన్ అక్కడిదాకా వెళ్లి ఏదో చేసేస్తుందంటే నేను నమ్మను. మాడు మీద పనిచేసే మందులు మాత్రం ఉన్నాయి, అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మా ఇంట్లోనే చూశాను.

మా మేనకోడలు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతోంది. కిందటి దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడు జడ విప్పి చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. పాపిట పొడవునా పసుపుపచ్చటి జిడ్డు పొట్టు అట్టకట్టి ఉంది. చెవుల వెనక ఎర్రగా కందిపోయింది. గోకిన చోటల్లా గీతలు. మా అమ్మ వెంటనే కొబ్బరినూనెలో వేపాకు వేసి కాచి, తలంతా పట్టించి, రాత్రంతా అలాగే ఉంచింది. పొద్దున్నే కుంకుడుకాయలతో తలంటింది. ఒకట్రెండు రోజులు పొట్టు మెత్తబడి తగ్గినట్టే అనిపించింది. తర్వాత దురద ఇంకా ఎక్కువైంది. ఇక లాభం లేదని నేనే స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ పాయలు విడదీసి చూసి, సెబోరిక్ డెర్మటైటిస్ అన్నారు. చుండ్రు ముదిరితే వచ్చే రూపం. ఏ షాంపూ వాడుతున్నావమ్మా అని అడిగితే పిల్ల పేరు చెప్పింది. చుండ్రు షాంపూయే, మంచిదే.

"తల మీద ఎంతసేపు ఉంచుతావు?"

"నురగ రాగానే కడిగేస్తాను మేడం. బయట లైన్లో ఉన్నవాళ్లు తలుపు కొడుతుంటారు."

"మరి మందు పనిచేసేదెప్పుడమ్మా?" అన్నారు ఆవిడ.

నేను ఈ జవాబు రాస్తున్నదే ఆ ఒక్క మాట కోసం. చుండ్రుకి మూలం మలాసీజియా అనే ఫంగస్. అది మీ తలలో, నా తలలో, అందరి తలలోనూ ఉంటుంది. సొంతంగా కొవ్వు తయారుచేసుకోలేదు కాబట్టి మన మాడు మీద ఊరే జిడ్డు తిని బతుకుతుంది. తిన్నాక మిగిల్చే ఓలిక్ ఆమ్లం కొందరి చర్మానికి పడదు. దాంతో దురద పుట్టి, చర్మం తొందరతొందరగా పొట్టుగా రాలుతుంది. అలాంటి తలకి రాత్రంతా నూనె పట్టించి ఉంచడమంటే ఆ ఫంగస్‌కి వడ్డించడమే. నూనె పెడితే చుండ్రు పోతుందని ఇంటింటా చెప్తుంటారు. పొట్టు నూనెలో తడిసి కనబడకుండా పోతుందంతే.

కొబ్బరినూనెని తీసిపారేయమని కాదు. తలస్నానానికి ముందు జుట్టు పొడవుకి రాస్తే అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత ఆపుతుంది. పొద్దుతిరుగుడు నూనెకి, మినరల్ ఆయిల్‌కి ఆ గుణం కనిపించలేదని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకి తగలకుండా రాసుకుంటే సరి.

డాక్టర్ మా పిల్లకి 2 శాతం కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు ఉన్న షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, 4 వారాలు. సెలవులున్నన్నాళ్లూ ఆ పని నేనే చేశాను. బాత్రూంలో పీట వేసి కూర్చోబెట్టి, ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలించాను. తర్వాత ఆ గులాబీ రంగు షాంపూ వేళ్ల కొసలకి తీసుకుని, దువ్వెనతో పాయ పాయ విడదీస్తూ చర్మానికే రాశాను, జుట్టుకి కాదు. గోళ్లు తగలనివ్వలేదు. ఫోన్లో 5 నిమిషాలు టైమర్ పెట్టాను. "అత్తా, కళ్లు మండుతున్నాయి, కడిగేసుకోనా" అని ఒకటే గొడవ. నుదుటికి తువ్వాలు చుట్టి కదలనివ్వలేదు. సెలవులయ్యేసరికి దురద పోయింది. మిగతా వారాలు హాస్టల్లో తనే వాడుకుంది. దీపావళికి వచ్చినప్పుడు చూస్తే పాపిట శుభ్రంగా, తెల్లగా ఉంది. ఫంగస్ పూర్తిగా పోయేది కాదు కాబట్టి, తగ్గాక కూడా వారానికో పది రోజులకో ఒకసారి వాడుతుండమన్నారు.

సీసా వెనక మీరు వెతకాల్సిన పేర్లు అలాంటివే. కీటోకోనజోల్, జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ ఫంగస్ మీద పనిచేస్తాయి. సాలిసిలిక్ ఆమ్లం అట్టకట్టిన పొట్టుని వదులు చేస్తుంది. ఏదైనా సరే, కొన్ని నిమిషాలు మాడు మీద ఉండాలి.

సల్ఫేట్ సంగతి. సోడియం లారెత్ సల్ఫేట్ పని జిడ్డు వదిలించడం. దానివల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ పచ్చి అబద్ధం. మన ఎండలకి, మన చెమటకి చాలామంది తలలకి అది ఉండాల్సిందే. రంగు వేసుకున్న జుట్టు, బాగా పొడిబారిన జుట్టు అయితే కోకమిడోప్రొపైల్ బీటైన్ లాంటి మెత్తని నురగ పదార్థాలు ముందు వరసలో ఉన్నది కొనండి. పారాబెన్ అంటే షాంపూ పాడవకుండా వేసే పదార్థం. నాకు ఒళ్లు మండేది 'పారాబెన్ లేదు' అని గొప్పగా రాసి, దాని బదులు అదే పనికి మిథైల్ ఐసోథియాజోలినోన్ వేసే సీసాలని చూస్తే. చర్మానికి అలర్జీ తెప్పిస్తోందని 2013లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. ఆ ముక్క ముందువైపు ఎవరూ రాయరు.

షాంపూ వల్ల జుట్టు మెత్తగా జారడం మాత్రం నిజమే. తడి వెంట్రుక మీద నెగటివ్ చార్జ్ ఉంటుంది, పాలీక్వాటర్నియం లాంటివి పాజిటివ్ కాబట్టి పట్టుకుని పల్చటి పొరలా నిలుస్తాయి. వాటిలో ఒకటి గ్వార్ అని మొదలవుతుంది. అది మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల బంక నుంచి తీసిందే! దాని పేరు వెనక దాచేసి, ముందువైపు ఉల్లిపాయ బొమ్మ వేస్తారు.

కుంకుడుకాయలు నాకూ ఇష్టమే, నురగా బాగుంటుంది, జిడ్డూ వదులుతుంది. కానీ అది కెమికల్ కాదనే వాదన ఒప్పుకోను. అందులో నురగ తెప్పించే సాపోనిన్ కూడా రసాయనమే.

జుట్టు రాలడానికి షాంపూలు మారుస్తూ కూర్చోకండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకి గుత్తులుగా రాలడం మామూలే. అలాంటిదేమీ లేకుండా రాలుతుంటే ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

ఇంతకీ మా పిల్లకి తల పాడైంది షాంపూ మంచిది కాకపోవడం వల్ల కాదు. ఆ హాస్టల్లో తలస్నానం ఆదివారం మాత్రమే, అదీ ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే, పైగా ఉప్పు బోరునీళ్లు. ప్యాకెట్ అయిపోతే ఒంటి సబ్బుతోనే రుద్దుకుంటారట. ఉప్పు నీళ్లలో సబ్బు విరిగి, తెల్లటి మడ్డిలా జుట్టుకి అంటుకుంటుంది. లక్షల్లో ఫీజు కట్టించుకుని, ఎదిగిన ఆడపిల్లలకి తల కడుక్కునే టైమ్ ఇవ్వకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. డాక్టర్ చీటీ చూపిస్తే మా పిల్లకి మాత్రం బుధవారం సాయంత్రం కూడా ఒప్పుకున్నారు. చీటీ లేని పిల్లలు ఇప్పటికీ ఆదివారం లైన్లోనే. ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో మా అన్నయ్య ఈ విషయమే ఎత్తబోతున్నాడు. మీ పిల్లలు కూడా హాస్టల్లో ఉంటే అంతస్తుకి బాత్రూములు ఎన్నో, తలస్నానానికి ఎంతసేపు ఇస్తారో మీరూ అడగండి.