అటక మీద దొరికిన టెడ్డీ బేర్ నిజంగా పాతదేనా? ఉతకవచ్చా?

ముందు రెండో ప్రశ్న: ఉతకొద్దు. పాతకాలపు బొమ్మల్లో కూరింది ఎక్కువగా సన్నటి చెక్కపీచు. నీళ్లు పీల్చుకుంటే త్వరగా ఆరదు, లోపలే బూజు పడుతుంది. చేతులు, కాళ్లు తిరగడానికి పెట్టిన అట్టబిళ్లలు నాని మెత్తబడతాయి, వాటిని పట్టి ఉంచే ఇనుప పిన్ను తుప్పు పడుతుంది. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, కొన్నాళ్లకు చెయ్యి వేలాడుతుంది.

ఇక వయసు. "1902 నాటిది" అని ఎవరన్నా నమ్మకండి. ఈ బొమ్మ కథ మొదలైందే ఆ ఏడాది చివర్లో: నవంబరులో మిసిసిపీ రాష్ట్రంలో వేటకెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ (టెడ్డీ) రూజ్‌వెల్ట్, కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. దానిమీద కార్టూనిస్టు బెరీమన్ వేసిన బొమ్మ పత్రికలో చూసి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మిచ్‌టమ్ దంపతులు ఎలుగుబంటి బొమ్మ చేశారు. వాళ్ల తొలి బొమ్మల మీద ఏ గుర్తూ లేదు. జర్మనీలో స్టైఫ్ అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1903లో లైప్‌జిగ్ సంతలో పెట్టిన తొలి నమూనా ఒక్కటీ మిగిలినట్టు దాఖలా లేదు. స్టైఫ్ ఎడమ చెవికి గుండీ పెట్టడం 1904లో మొదలైంది. కానీ గుండీ ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి, దాన్ని పీకి ఇంకో బొమ్మకు తగిలించడం పెద్ద పనేం కాదు.

నేనైతే ముందు పొట్ట నొక్కి చూస్తాను. చెక్కపీచైతే గట్టిగా ఉండి కరకరమంటుంది. బూరుగుదూదైతే తేలిక, మెత్తన. తర్వాత ఆకారం: తొలినాటి వాటికి పొడుగు మూతి, వీపున మూపురం, మోకాళ్ల దాకా వచ్చే చేతులు. కళ్లు పాతకాలపు బూట్లకుండే నల్లటి గుండీలైతే మొదటి ప్రపంచయుద్ధానికి ముందువి కావచ్చు, ఆ తర్వాత గాజు, 1950ల నుంచి ప్లాస్టిక్. కళ్లు మార్చేస్తుంటారు కాబట్టి ఇదొక్కటీ సాక్ష్యం కాదు. చీకట్లో అతినీలలోహిత (UV) లైటు వేస్తే కొత్త సింథటిక్ దారం తెల్లగా మెరుస్తుంది. పాత మోహేర్ (మేక బొచ్చుతో నేసిన గుడ్డ) మెరవదు. అయితే ఎప్పుడో డిటర్జెంటుతో తుడిచిన పాత బొమ్మ కూడా మెరుస్తుంది, అందుకే కుట్లు విడిగా చూడాలి.

మురికి పోవాలంటే వాక్యూమ్ గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి, తక్కువ వేగంలో లాగండి. ఆపైన తేలికపాటి సబ్బు నురగ మాత్రమే, నీళ్లు వద్దు. మొదట ఒక కాలి వెనకాల చిన్నచోట రుద్ది చూసి, తడి పిండేసిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

చిమ్మటల అనుమానముంటే గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే చెమ్మ బొచ్చు మీదే చేరుతుంది.