ఇయర్‌బడ్స్ ఫోన్‌కి కనెక్ట్ అవుతూ ల్యాప్‌టాప్‌కి కాకపోతే

ఫోన్‌కి వెంటనే కనెక్ట్ అవుతూ ల్యాప్‌టాప్ లిస్టులో మాత్రం కనపడట్లేదంటే, చాలావరకు బడ్స్ పాడైనట్టు కాదు. కేస్ మూత తీయగానే ఫోనే వాటిని పట్టేసుకుంటోంది.

1. ముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్ చేయండి.

2. విండోస్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఈ బడ్స్ పేరు పాతది ఉంటే రిమూవ్ చేయండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. మూత తీస్తే చాలదు, పెయిరింగ్ మోడ్ (కొత్త డివైస్‌కి కనెక్ట్ అవ్వడానికి బడ్స్ సిద్ధంగా ఉండే మోడ్) ఆన్ అవ్వాలి. బడ్స్‌ని కేస్‌లోనే ఉంచి, కేస్ మీది బటన్‌ని లైటు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోండి. బటన్ లేని మోడల్ అయితే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది, తప్పకుండా చూడండి.

4. లైటు మిణుకుమంటుండగానే ‘యాడ్ డివైస్’ నొక్కండి. ఆలస్యమైతే ఆ మోడ్ దానంతటదే ఆగిపోతుంది.

కనెక్ట్ అయ్యాక కూడా సౌండ్ ల్యాప్‌టాప్ స్పీకర్లలోంచే వస్తుంటే, సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని బడ్స్‌కి మార్చండి.